మామూలు ఆటగాడి చేతికి తగిన కర్ర

1902లో ఇంగ్లండ్ వాయవ్య తీరాన ఉన్న హాయ్‌లేక్‌లో ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. పోటీకి ముందు సాధన ఆటలో స్కాట్లండ్ వృత్తి ఆటగాడు శాండీ హెర్డ్‌తో పాటు జాన్ బాల్ దిగాడు. బాల్‌ది ఆ ఊరే. డబ్బు కోసం ఆడినవాడు కాదు, బతికినన్నాళ్ళూ అమెచ్యూర్‌గానే ఉన్నాడు. అయినా 1890లో ఓపెన్ గెలిచిన మొట్టమొదటి అమెచ్యూర్ ఆయనే. ఆ రోజు బాల్ ఆడుతున్నది అమెరికా నుంచి వచ్చిన కొత్త బంతితో. లోపల సాగదీసి చుట్టిన రబ్బరు దారం, పైన గట్టి తొడుగు. దాని పేరు హాస్కెల్. పేరుమోసిన వృత్తి ఆటగాళ్ళు దాన్ని దగ్గరికి రానివ్వని రోజులవి. మరీ ఎగిరిపడుతుందనీ, గ్రీన్ మీద మాట వినదనీ వాళ్ళ అభ్యంతరం. హెర్డ్ కూడా అలా అన్నవాడే. కానీ బాల్ కొట్టిన బంతి తన బంతిని దాటి పోతుండటం కళ్ళారా చూశాక, ఒకటి అడిగి తీసుకుని తానూ కొట్టి చూశాడు. ఇక పోటీకి అదే కావాలన్నాడు. ఒకే ఒక్క బంతితో 72 హోల్స్ పూర్తి చేశాడు. ఆఖరికి తొడుగు చిట్లి రబ్బరు దారాలు బయటికి వేలాడుతున్నాయి. హ్యారీ వార్డన్, జేమ్స్ బ్రెయిడ్ అంతటి ఉద్దండులను ఒక్క దెబ్బ తేడాతో ఓడించి హెర్డ్ ఛాంపియన్ అయ్యాడు.

గోల్ఫ్ చరిత్ర రాసేవాళ్ళు దీన్ని హెర్డ్ గెలుపుగా చెబుతారు. నాకు మాత్రం ఆ బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళిందన్నదే అసలు విషయంగా కనిపిస్తుంది. మామూలు ఆటగాళ్ళు, ఔత్సాహికులు ముందుగా నమ్మారు. వృత్తి ఆటగాడు వాళ్ళ వెనక నడిచాడు. ఆరు వందల ఏళ్ళకు చేరువవుతున్న ఈ ఆటలో బంతి మారిన తీరు, కర్ర మారిన తీరు వెతుక్కుంటూ పోతే ఈ వరుస మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఇవాళ హైదరాబాద్‌లోనో విశాఖలోనో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టినవారు టీవీలో కనిపించే ఛాంపియన్ సంచిలో ఏముందో చూసి, అవే కొనాలని దుకాణానికి వెళ్తారు. ఆ సరంజామా చరిత్ర తెలిస్తే ఆ పని చేయరు.

స్కాట్లండ్ పార్లమెంటు 1457లో గోల్ఫ్‌ను నిషేధించింది. కుర్రాళ్ళు విలువిద్య మానేసి ఈ ఆట మీద పడుతున్నారని రాజుగారి దిగులు. తర్వాతి తరాల్లో రాజులే ఆటగాళ్ళయ్యారు. 1502లో నాలుగో జేమ్స్ పెర్త్ పట్టణంలోని విల్లులు చేసేవాడి దగ్గర గోల్ఫ్ కర్రలు కొన్నట్టు ఖజానా లెక్కల్లో ఉంది. వంగే కర్ర, విరగని కర్ర గురించి విల్లులు చేసేవాడి కన్నా బాగా తెలిసినవాడు ఆ రోజుల్లో ఎవరుంటారు? కొట్టినప్పుడు వంగి మళ్ళీ సరిగ్గా సమయానికి నిటారవడం గోల్ఫ్ కర్ర కాడకు ప్రాణం. ఇప్పుడు షాఫ్ట్ ఫ్లెక్స్ అని గంటలకొద్దీ మాట్లాడుకునేది ఆ సంగతే.

కర్ర దొరకడం కష్టం కాలేదు. ఆటను కొద్దిమంది చేతుల్లోనే ఉంచింది బంతి. పందొమ్మిదో శతాబ్దం నడుమ దాకా ఆడింది ఈకల బంతితో. దాని తయారీ చూస్తే అంత ధర ఎందుకో తెలుస్తుంది. పటికనీళ్ళలో నానబెట్టిన తోలు ముక్కలను సంచిలా కుట్టి, చిన్న కంత మాత్రం వదిలి, కుట్టు లోపలికి పోయేలా తిరగేసేవారు. బాతు ఈకలో కోడి ఈకలో ఉడకబెట్టి మెత్తబడ్డాక ఆ కంతలోంచి కూరేవారు. ఒక్క బంతికి పొడుగు టోపీ నిండా ఈకలు పట్టేవి. చేతి బలం చాలేది కాదు. గుండెకు ఆనించుకునే అడ్డకర్ర బిగించిన ఇనుప చువ్వతో, ఒంటి బరువంతా వేసి తోసేవారు. చివరికి కంత కుట్టేసి ఆరబెడితే తోలు ముడుచుకుంటుంది, లోపల ఈకలు ఉబ్బుతాయి. రెండూ ఒకదాన్నొకటి నొక్కుకుని బంతి రాయిలా బిగుసుకుంటుంది. సుత్తితో గుండ్రంగా సరిచేసి తెల్లరంగు పూస్తే పని పూర్తయినట్టు. చేయి తిరిగినవాడు రోజంతా కూర్చుంటే మూడో నాలుగో బంతులు. ఈకల ధూళి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడై చిన్న వయసులోనే పోయిన పనివాళ్ళు ఎందరో.

అంత కష్టపడి చేసిన బంతి వానలో తడిస్తే నీళ్ళు పీల్చుకుని బరువెక్కేది, కుట్లు విడిపోయేవి. ఇనుప తల ఉన్న కర్ర అంచు తగిలితే తోలు తెగేది. అందుకే ఆ కాలం ఆటగాళ్ళ దగ్గర ఎక్కువగా పొడుగు ముక్కు చెక్క తలలే ఉండేవి. బండి చక్రాల గాడిలో బంతి పడితే తప్ప ఇనుము బయటికి తీసేవారు కాదు. ఒక్కో బంతి రెండున్నర నుంచి అయిదు షిల్లింగుల దాకా పలికేది. ఒక రౌండులో రెండు మూడు పాడైతే సంపన్నులు తట్టుకోగలరు గానీ చేతివృత్తుల వాళ్ళకు అది మోయలేని ఖర్చు.

ఈకల బంతితో దూరం రాదనుకోవద్దు. 1836లో సెయింట్ ఆండ్రూస్‌లో శామ్యూల్ మెస్సియా అనే ఫ్రెంచి మాస్టారు 361 గజాలు కొట్టినట్టు లెక్క ఉంది. వెనకగాలి, మంచుకు గట్టిపడిన నేల సాయపడ్డాయి. ఆయన పాఠాలు చెప్పిన బడి పేరు మద్రాస్ కాలేజీ. స్కాట్లండ్‌లో ఆ పేరేమిటని ఆశ్చర్యం కలుగుతుంది. దాన్ని స్థాపించిన ఆండ్రూ బెల్ మన ఉమ్మడి రాజధానిగా ఉన్న మద్రాసులో అనాథ బాలల బడి నడిపాడు. ఇక్కడి వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం చూసి, ఆ పద్ధతిని బ్రిటన్‌కు తీసుకెళ్ళాడు. గోల్ఫ్ పుట్టినింట్లో మన ప్రాంతపు గుర్తు అలా ఒకటి మిగిలింది.

ఇంకో గుర్తు కూడా ఉంది, అదీ ఇటువైపు నుంచి వెళ్ళినదే. మలయా అడవుల్లో పెరిగే ఒక చెట్టు పాలు గడ్డకడితే వచ్చేదే గట్టాపర్చా. వేడినీళ్ళలో వేస్తే మెత్తని ముద్దవుతుంది, చల్లారితే గట్టిపడుతుంది. మలయా జనం దానితో కత్తి పిడులు చేసుకునేవారు. సింగపూర్‌లో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు విలియం మాంట్గమరీ ఆ పిడులు చూసి, 1843లో నమూనాలు బయటికి పంపాడు. ఇక సెయింట్ ఆండ్రూస్‌లో తరతరాలుగా చెప్పుకునే కథ ప్రకారం, తూర్పు దేశాల నుంచి పాటర్సన్ అనే కుటుంబానికి ఒక విష్ణుమూర్తి విగ్రహం వచ్చింది. దారిలో దెబ్బ తగలకుండా చుట్టూ గట్టాపర్చా ముక్కలు కూరారు. ఆ ఇంటి కుర్రాడు రాబర్ట్ ఆడమ్స్ పాటర్సన్‌కు గోల్ఫ్ పిచ్చి ఉంది, ఈకల బంతి కొనే స్తోమత లేదు. ఆ ముక్కలను వేడినీళ్ళలో మెత్తబరిచి, చేతుల మధ్య గుండ్రంగా దొర్లించి బంతి చేసుకున్నాడు. కథలో ఎంత పాలు నిజమైనా, 1848 నాటికి గట్టాపర్చా బంతి మైదానాల్లోకి వచ్చేసింది. షిల్లింగు పెడితే బంతి. సొట్టపడితే వేడినీళ్ళలో వేసి మళ్ళీ గుండ్రంగా చేసుకోవచ్చు.

ఆనాటి మేటి ఆటగాడు ఆలన్ రాబర్ట్‌సన్‌కు ఇది పిడుగుపాటు. ఆయన జీవనాధారం ఈకల బంతి వ్యాపారం. 1844లో ఆయన వంటింటి కార్ఖానాలో 2,456 బంతులు తయారయ్యాయి. పొదల్లో దొరికిన గట్టాపర్చా బంతులను పిల్లల దగ్గర కొని మరీ కాల్చేసేవాడట. ఆయన దగ్గర పని నేర్చిన టామ్ మోరిస్ ఒకరోజు ఆట మధ్యలో బంతులు అయిపోయి, ఎవరో ఇచ్చిన గట్టీతో, అంటే గట్టాపర్చా బంతితో, రౌండు పూర్తిచేశాడు. అది తెలిసి గురుశిష్యుల మధ్య మాటలు పెరిగి దారులు వేరయ్యాయి. రాబర్ట్‌సన్‌ను దుర్మార్గుడిగా చూడటం నాకు ఇష్టం ఉండదు. గుండెకు కర్ర ఆనించి ఈకలు తోసిన మనిషి తన పని పోతుందని భయపడ్డాడు. తర్వాత ఆయనా మారాడు. కొత్త బంతితోనే 1858లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో 79 కొట్టి, అక్కడ 80 లోపు ముగించిన మొదటివాడయ్యాడు.

బంతి ధర తగ్గడంతో జనం పెరిగారు, క్లబ్బులు పెరిగాయి. కర్రలూ మారాల్సి వచ్చింది. గట్టీ దెబ్బకు సన్నని పొడుగు ముక్కు తలలు పగిలిపోయేవి. పొట్టిగా, మందంగా, ముఖం మీద తోలు అతికిన తలలు వచ్చాయి. కాడకు అమెరికా హికరీ కర్ర దిగింది. ఇనుము తగిలినా ఈ బంతికి పెద్ద నష్టం లేదు కాబట్టి క్లీక్, మాషీ, నిబ్లిక్ అంటూ ఇనుప తలలు సంచి నింపాయి. ఇంకో విషయం ఆటగాళ్ళే కనిపెట్టారు. నున్నని కొత్త గట్టీ గాలిలో తడబడి దబ్బున పడేది. కర్ర దెబ్బలతో గాట్లు పడిన పాతది చక్కగా ఎగిరేది. దాంతో కొత్త బంతికే సుత్తితో గాట్లు పెట్టడం మొదలైంది. అదే వరుసలో 1905లో ఇంగ్లండ్ ఇంజినీరు విలియం టేలర్ గుండ్రని సొట్టలకు పేటెంటు తీసుకున్నాడు. సొట్ట గాలి పొరను బంతికి అంటిపెట్టుకునేలా కలవరపరుస్తుంది, వెనక ఏర్పడే ఈడ్పు తగ్గుతుంది. ఇప్పటి బంతుల మీద 300 పైచిలుకు సొట్టలుంటాయి.

మన దేశంలో గోల్ఫ్ ఈకల బంతి కాలంలోనే మొదలైంది. రాయల్ కల్కత్తా గోల్ఫ్ క్లబ్ 1829లో పుట్టింది. బ్రిటన్ బయట ఇంతకన్నా పాత క్లబ్ లేదు. అప్పటికి గట్టాపర్చా ఊసే లేదు కాబట్టి, బెంగాల్ తేమలో ఆ తోలు బంతులు ఎన్నాళ్ళు నిలిచాయో ఊహించుకోవలసిందే. బెంగళూరు క్లబ్ 1876లో వచ్చేసరికి మాత్రం గట్టీ రాజ్యమేలుతోంది.

హాస్కెల్ బంతి కథకు వస్తే, దాన్ని కనిపెట్టిన కోబర్న్ హాస్కెల్ ఒహాయో రాష్ట్రపు వ్యాపారి, ఆటలో సాదాసీదా. 1898లో ఏక్రన్ పట్టణంలోని గుడ్రిచ్ రబ్బరు కర్మాగారంలో స్నేహితుడు బెర్ట్రమ్ వర్క్ కోసం ఎదురుచూస్తూ, అక్కడ పడి ఉన్న రబ్బరు దారం సాగదీసి ఉండగా చుట్టాడు. నేలకు కొడితే అది ఎగిరిన ఎత్తు చూసి ఆలోచన తట్టింది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పేటెంటు వచ్చింది. గట్టీని సరిగ్గా నడిబొడ్డున కొడితేనే దూరం పోతుంది, కాస్త పక్కకు తగిలితే చేతులు జలదరిస్తాయి. రబ్బరు బంతి ఆ తప్పును కొంత క్షమించింది. అందుకే మామూలు ఆటగాడు దానికి ఎగబడ్డాడు. వార్డన్‌కు తప్పు కొట్టే అలవాటే లేదు, ఆయనకు దాని అవసరం కనిపించలేదు. అమెరికాలో 1901 అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ వాల్టర్ ట్రావిస్ హాస్కెల్‌తోనే గెలిచాడు. ముప్పై దాటాక గోల్ఫ్ పట్టినవాడు ట్రావిస్. 1904లో బ్రిటన్ వెళ్ళి, కాడ తల మధ్యలోకి దిగిన వింత పట్టర్‌తో అక్కడి అమెచ్యూర్ టైటిల్ కూడా పట్టుకొచ్చాడు. ఆ పట్టర్ చేసింది ఆర్థర్ నైట్, జనరల్ ఎలక్ట్రిక్ ఉద్యోగి. 1910లో ఆట నిబంధనలు పెట్టే బ్రిటిష్ సంస్థ ఆర్ అండ్ ఏ అలాంటివాటిని నిషేధించింది, ఆ ఆంక్ష నాలుగు దశాబ్దాలు ఉంది.

బంతిని నిలబెట్టే చిన్న చెక్క టీ కూడా అమెచ్యూర్ల చలవే. అంతకుముందు సంచి మోసే కాడీ తడి ఇసుక గుప్పెట పట్టి చిన్న కుప్ప పోస్తే దాని మీద బంతి పెట్టేవారు. చేతులు, బట్టలు బురద. బోస్టన్ దంతవైద్యుడు జార్జ్ ఫ్రాంక్లిన్ గ్రాంట్ 1899 డిసెంబరులో చెక్క టీకి పేటెంటు పొందాడు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన ఆ నల్లజాతి డాక్టరు దాన్ని అమ్మే ప్రయత్నం చేయలేదు, స్నేహితులకు పంచి ఊరుకున్నాడు. 1920లలో న్యూజెర్సీకి చెందిన మరో దంతవైద్యుడు విలియం లోవెల్ ఎర్రరంగు టీలు చేసి, వాల్టర్ హేగన్ వంటి తారలకు డబ్బిచ్చి వాడించాక ప్రపంచమంతా వాటిని కొన్నది. గ్రాంట్ పేరు చాలాకాలం ఎవరికీ తెలియకుండా పోయింది. ఆ అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఉక్కు కాడ వచ్చాక ఆట స్వరూపం మారింది. అమెరికా 1920ల నడుమ ఒప్పుకుంది, బ్రిటన్ 1929లో. హికరీలో ఏ రెండు కర్రలూ ఒక్కలా వంగవు. అందుకే కొనేవాడు వందల్లో ఏరి, ఒక్కోటి ఊపి చూసి తీసుకునేవాడు. బాబీ జోన్స్ అలా ఏరుకున్నవాడే. 1930లో ఒకే ఏడాది నాలుగు పెద్ద టైటిళ్ళు గెలిచినప్పుడూ ఆయన అమెచ్యూరే. తర్వాత ఆయన కర్రలను ప్రయోగశాలలో పరీక్షిస్తే అన్నీ ఒకే తూకంలో సరితూగాయని, ఒక్క మాషీ నిబ్లిక్ మాత్రం తేడా ఉందని, ఆ కర్రతోనే తనకు ఎప్పుడూ ఇబ్బందని జోన్స్ అన్నాడని చెబుతారు. చేతికి ఏం సరిపోతుందో చేయి చెబుతుంది, యంత్రం ఆ తర్వాత రుజువు చేస్తుంది. ఉక్కుతో ఆ ఏరుకునే పని తప్పింది. కర్మాగారం నుంచి ఒకే తీరు సెట్లు, పేర్ల బదులు నంబర్లు వచ్చాయి. ఎంత సులువైతే అంత పోగేసుకునే బుద్ధి పుట్టింది. లాసన్ లిటిల్ అనే ఛాంపియన్ పాతిక పైచిలుకు కర్రలు మోయించాడు. 1938లో అమెరికా, మరుసటి ఏడాది బ్రిటన్ పద్నాలుగుకు మించరాదని గీత గీశాయి.

పద్నాలుగు గరిష్ఠం. కొత్తవారికి అన్నీ అక్కర్లేదు. డ్రైవర్, ఒక ఫెయిర్‌వే వుడ్, ఒక హైబ్రిడ్, ఆరు నుంచి తొమ్మిది దాకా ఐరన్లు, పిచింగ్ వెడ్జ్, శాండ్ వెడ్జ్, పట్టర్. ఇవి ఉంటే మొదటి రెండేళ్ళూ ఇంకేమీ కొనకుండా గడిచిపోతాయి. మూడో నంబర్ ఐరన్ మీద ఆశ పెట్టుకోవద్దు. దాన్ని గాలిలోకి లేపడానికి కావలసిన వేగం మామూలు ఆటగాడిలో ఉండదు. అదే దూరానికి హైబ్రిడ్ తేలిగ్గా లేపుతుంది.

శాండ్ వెడ్జ్ గురించి ఆగి చెప్పాలి. ఇక్కడ మాత్రం కొత్త దారి వేసినవాడు ఛాంపియనే. జీన్ సరాజెన్ ఇసుక గుంటల్లో తడబడేవాడు. విమానం నడపడం నేర్చుకుంటుండగా, తోక కిందికి దిగితే విమానం ముక్కు పైకి లేవడం గమనించి, ఇంటికొచ్చి నిబ్లిక్ అడుగున సీసం కరిగించి పోసి అడుగు భాగాన్ని మందం చేశానని ఆయన చెప్పుకున్నాడు. అంతకుముందు పదునైన అంచు ఇసుకలో దిగబడిపోయేది. ఇప్పుడు మందపు అడుగు ఇసుక మీద జారి బంతిని ఇసుకతో సహా ఎత్తేస్తుంది. 1932లో ఆ వెడ్జ్‌తోనే ఓపెన్ గెలిచాడు. ఆ అడుగు కోణాన్నే బౌన్స్ అంటారు, డిగ్రీల్లో చెక్కి ఉంటుంది. మెత్తని ఇసుక, వానకు నానిన నేల మీద పన్నెండు దాటిన బౌన్స్ మేలు. గోల్కొండ నయాఖిలా దగ్గరి కోర్సులో వేసవి మధ్యాహ్నం నేల పలకలా గట్టిపడి ఉన్నప్పుడు అంత బౌన్స్ ఉన్న వెడ్జ్ నేలకు తగిలి ఎగిరిపడుతుంది, అంచు బంతి నడుముకు కొడుతుంది, బంతి గ్రీన్ దాటి పోతుంది. దక్కన్‌లో ఆడేవాళ్ళు తక్కువ బౌన్స్ వెడ్జ్ ఒకటి దగ్గర పెట్టుకోవాలి. విదేశీ పత్రికల సలహాలు అక్కడి పచ్చికకు రాసినవి.

ఇక నేను అందరికన్నా ఎక్కువ గౌరవించే మనిషి కార్‌స్టెన్ సోల్‌హైమ్. నార్వేలో పుట్టి, పసితనంలో కుటుంబంతో అమెరికా వలస వెళ్ళి, తండ్రి దగ్గర చెప్పులు కుట్టడం నేర్చి, తర్వాత ఇంజినీరైన మనిషి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తుండగా తోటి ఉద్యోగులు ఆటకు పిలిస్తే 42వ ఏట గోల్ఫ్ పట్టాడు. మిగతా ఆట పర్వాలేదు, పట్టింగ్ మాత్రం ఘోరం. తప్పు తనలో ఉందని ఊరుకోకుండా పట్టర్‌ను పరిశీలించాడు. బంతి నడిమికి తగలకపోతే పట్టర్ తల మెలి తిరుగుతోంది, గీత తప్పుతోంది. బరువును నడిమి నుంచి తీసి రెండు కొసలకూ పంచితే మెలి తిరగడం తగ్గుతుందని లెక్కకట్టాడు. చక్కెర ముద్దలు, ఐస్‌పుల్లలతో నమూనా కట్టి చూసి, 1959లో గ్యారేజీలో మొదటి పట్టర్ చేశాడు. బంతిని తాకినప్పుడు గంటలా మోగింది, ఆ మోతే పింగ్ అనే పేరైంది. 1966లో గ్రామఫోను రికార్డు అట్ట మీద గీసిన ఆన్సర్ నమూనా ఇవాళ దాదాపు ప్రతి కంపెనీ పట్టర్‌లోనూ కనిపిస్తుంది. అదే సూత్రాన్ని ఐరన్లకు వర్తింపజేసి వెనక భాగాన్ని తవ్వి బరువును అంచులకు నెట్టాడు. వృత్తి ఆటగాళ్ళు వాటిని వికారమన్నారు. వారాంతపు ఆటగాళ్ళు కొన్నారు. నడిమికి తగలని దెబ్బ కూడా ముందుకు పోవడం వాళ్ళకు కావాలి మరి.

సోల్‌హైమ్ ఇంకో మంచి పని చేశాడు. మనిషిని బట్టి కర్ర తల కోణాన్ని వంచి ఇచ్చే పద్ధతి తెచ్చి, 1970లలో దానికి రంగు చుక్కలు పెట్టాడు. దీని విలువ తెలియాలంటే ఫిట్టింగ్ చేసేచోట ఒకసారి నిలబడి చూడాలి. ఐరన్ అడుగున టేపు అతికి, ప్లాస్టిక్ పలక మీద నుంచి బంతి కొట్టిస్తారు. టేపు మీద గీత నడుమ పడితే కోణం సరిపోయినట్టు. మడమవైపు పడితే కర్ర నిక్కబొడుచుకుని ఉంది, బంతి ఎడమకు లాగుతుంది. కొనవైపు పడితే మరీ వాలి ఉంది, కుడికి పోతుంది. అయిదడుగుల మనిషి, ఆరడుగుల మనిషి ఒకే సెట్ కొని తమ స్వింగ్‌ను తిట్టుకుంటూ ఉంటారు. తప్పు రెండు డిగ్రీల కోణంలో ఉంటుంది. డబ్బు పెట్టేముందు ఆ పది నిమిషాలు కేటాయించాలి.

చెక్క తలలు 1979లో గ్యారీ ఆడమ్స్ ఉక్కు డ్రైవర్‌తో వెనక్కి తగ్గాయి. 1991లో ఈలై కాలవే కంపెనీ తెచ్చిన బిగ్ బెర్తా తల ఆ రోజుల్లో అందరికీ గుమ్మడికాయంత కనిపించింది. టైటానియం వచ్చాక ఇంకా పెరిగి, 2004లో 460 ఘనపు సెంటీమీటర్ల దగ్గర నిబంధన ఆపింది. తల పెద్దదైనకొద్దీ పక్క దెబ్బ నష్టం తగ్గుతుంది. కాబట్టి డ్రైవర్ విషయంలో సిగ్గుపడాల్సిన పనిలేదు, నిబంధన ఒప్పుకున్నంత పెద్దది తీసుకోవాలి. లాఫ్ట్, అంటే తల ముఖం వెనక్కి వాలిన కోణం, మాత్రం ఛాంపియన్‌ను చూసి ఎంచవద్దు. వృత్తి ఆటగాళ్ళ స్వింగ్ వేగం గంటకు 110 మైళ్ళు దాటుతుంది, మామూలు మగ ఆటగాడిది 90 అటూ ఇటూ. తొమ్మిది డిగ్రీల డ్రైవర్ వాళ్ళ చేతిలో ఎగురుతుంది, మన చేతిలో నేల పట్టుకుంటుంది. పదిన్నర, పన్నెండు డిగ్రీలు మనకు నయం. కాడ కూడా అంతే. 1970 ప్రాంతంలో ఫ్రాంక్ థామస్ తెచ్చిన గ్రాఫైట్ కాడ తేలిక, నిదానంగా ఊపేవారికి వరం. రెగ్యులర్ కాడ చాలేచోట తక్కువ వంగే స్టిఫ్ కొనడం ఒట్టి గొప్పకోసమే. ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 1970లలో ఏడో నంబర్ ఐరన్ లాఫ్ట్ సుమారు 38 డిగ్రీలు, ఇప్పటి కొన్ని సెట్లలో 30 కన్నా తక్కువ. ఏడో నంబర్‌తో మునుపటికన్నా దూరం కొడుతున్నామని మురిసిపోయేవారు నిజానికి పాత అయిదో నంబర్ పట్టుకున్నారు. అడుగున నంబర్ చూడకండి, లాఫ్ట్ అడగండి.

పట్టు, గ్లోవ్ చిన్న విషయాలుగా కనిపిస్తాయి. ఎడమచేతి వేళ్ళతో గ్రిప్ చుట్టి పట్టినప్పుడు మధ్యవేలు, ఉంగరపు వేలు కొనలు అరచేతిని అలా తాకితే మందం సరిపోయినట్టు. కోస్తా ఉక్కపోతలో మెత్తని గొర్రెతోలు గ్లోవ్ సగం రౌండుకే తడిసి జారుతుంది, ఆరితే అట్టలా గట్టిపడుతుంది. రెండు గ్లోవ్‌లు మార్చి మార్చి తొడుక్కోవాలి. వానాకాలానికి తడిస్తే మరింత పట్టు ఇచ్చే బట్ట గ్లోవ్‌లు దొరుకుతాయి.

బంతి ఎంపికలో డబ్బు ఎక్కువ వృథా అవుతుంది. 2000 అక్టోబరులో లాస్ వేగస్ పోటీలో ప్రో వీ1 బంతి బయటికి రాగానే రబ్బరు దారం చుట్టిన బంతుల యుగం ముగిసింది. గట్టి లోపలి గుండు, మెత్తని యూరేథేన్ తొడుగు. గ్రీన్ దగ్గర వెడ్జ్‌తో కొట్టి దాన్ని గిర్రున తిప్పి ఆపగలిగినవారికి ఆ ధర గిట్టుతుంది. బంతిని నీళ్ళలో, చెట్లలో పోగొట్టుకునే దశలో ఉన్నవారికి గట్టి తొడుగున్న రెండు పొరల బంతి చాలు. సూటిగా పోతుంది, తొందరగా చిట్లదు. బంతిని డ్రైవర్ దూరాన్ని బట్టి కాక గ్రీన్ దగ్గరి ఆటను బట్టి ఎంచుకోవాలి. రౌండులో సగానికి పైగా దెబ్బలు వెడ్జ్, పట్టర్‌లవే కదా. ఒకసారి ఎంచుకున్నాక మార్చకుండా అదే ఆడాలి. రోజుకో రకం బంతి ఆడితే పట్టింగ్ వేగం ఎప్పటికీ కుదరదు.

2023 డిసెంబరులో ఆర్ అండ్ ఏ, అమెరికా గోల్ఫ్ సంఘం కలిసి ఒక నిర్ణయం ప్రకటించాయి. వృత్తి ఆటగాళ్ళు మరీ దూరం కొడుతున్నారు, పాత కోర్సులు సరిపోవడం లేదు, కనుక బంతి దూరాన్ని తగ్గించేలా పరీక్షను కఠినం చేస్తామన్నాయి. మామూలు ఆటగాళ్ళకూ అదే నియమం 2030 నుంచి వర్తిస్తుందని, వాళ్ళు నష్టపోయేది అయిదు గజాలకు మించదని చెప్పాయి. పెద్ద ఆటగాళ్ళ విషయంలో వాళ్ళ ఆందోళన నిజమే. ఓల్డ్ కోర్సును ప్రతి తరానికీ సాగదీస్తూ పోలేరు. కానీ 90 మైళ్ళ వేగంతో ఊపే అరవై ఏళ్ళ మనిషి వల్ల ఏ కోర్సూ చిన్నదైపోలేదు. ఆయన బంతి జోలికి వెళ్ళకుండా పోటీ ఆటకు మాత్రమే వేరే బంతి పెట్టే ప్రతిపాదన అదే ఏడాది మొదట్లో వచ్చింది, తర్వాత వదిలేశారు. దానికే కట్టుబడి ఉండాల్సింది. అయిదు గజాలంటే డ్రైవ్ మీద చిన్న లెక్కే కావచ్చు. నాలుగో దెబ్బకు గ్రీన్ చేరే మనిషికి అది దెబ్బదెబ్బకూ కోత.